నాన్నగారి జీవితం పుస్తకంగా తేవాలంటే: ఆత్మకథా, జ్ఞాపకాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాన్నగారికి 84 ఏళ్ళు. సూర్యాపేట దగ్గర పల్లెలో పుట్టి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. నోటుబుక్కులో 40 పేజీలు రాసి, "నా బతుకు ఎవలకు గావాలె" అని పక్కన పెట్టేశారు. దాన్ని ఆత్మకథగా పూర్తి చేయించాలా, జ్ఞాపకాలు చాలా, తెలుగులో ఎవరిని చదివి నేర్చుకోవాలి, ఎంత కాలం పడుతుంది అని అడిగారు.

జ్ఞాపకాలే చేయండి. ఆయన చేత రాయించకండి, చెప్పించండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే తెలుగులో ఈ ప్రక్రియ నడిచి వచ్చిన దారి కొంచెం చూడాలి. నాన్నగారు ఆగిన చోటే చాలామంది ఆగిపోయారు.

ఆత్మకథ అంటే పుట్టుక నుంచి ఇవాళ్టిదాకా మొత్తం జీవితానికి లెక్క అప్పజెప్పడం. జ్ఞాపకాలంటే ఒక కాలమో, ఊరో, ఉద్యోగమో, మనిషో ఎంచుకుని, అంతవరకే చెప్పడం. మనవాళ్ళలో తన జీవితం తానే రాసుకున్న తొలితరం మనిషి వెన్నెలకంటి సుబ్బారావు. ఒంగోలు ప్రాంతంవాడు, మద్రాసు సదర్ కోర్టులో (అప్పటి అప్పీళ్ళ పై కోర్టు) అనువాదకుడు. ఆయన రాసింది ఇంగ్లీషులో. 1839లో పోయారు, కొడుకు ఆ రాతను అచ్చు వేయించింది 1873లో. అంటే 34 ఏళ్ళు ఆ కాగితాలు ఇంట్లో భద్రంగా ఉన్నాయి కాబట్టే అది మనదాకా వచ్చింది. సుబ్బారావు పోవడానికి ఏడాది ముందే, 1838లో, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర అచ్చయింది. అది యాత్ర దినచర్యే, అయినా "నేను చూశాను, నేను దిగాను, నాకు ఇంత ఖర్చయింది" అనే గొంతు తెలుగు వచనంలో గట్టిగా వినిపించింది అక్కడే.

తెలుగులో తొలి ఆత్మకథగా అందరూ లెక్కవేసేది కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రము. మొదటి భాగం 1911, రెండో భాగం 1915. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించిన తొలి వితంతు వివాహం, దానికి పైడా రామకృష్ణయ్య గారి ధన సహాయం, ఎవరు నిలబడ్డారు, ఎవరు వెనక్కి తగ్గారు, పత్రికలు, తగాదాలు, అన్నీ ఉంటాయి. అది ప్రజాజీవితంలో ఉన్న మనిషి నలుగురి ముందు పెట్టిన సాక్ష్యం. తర్వాత గాంధీ ఆత్మకథ 1925 నుంచి 1929 దాకా నవజీవన్ పత్రికలో వారం వారం వచ్చింది. ఆత్మకథ రాయడం పాశ్చాత్యుల అలవాటు కదా, నీకెందుకని ఒక స్నేహితుడు వారించిన సంగతి ఆయనే ముందుమాటలో చెప్పారు. ఆ తరం మన నాయకులూ అదే బాట పట్టారు. కొండా వెంకటప్పయ్య, అయ్యదేవర కాళేశ్వరరావు, టంగుటూరి ప్రకాశం. ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర' నాలుగో భాగం తెన్నేటి విశ్వనాథం రాసి పూర్తిచేయాల్సి వచ్చింది.

వీళ్ళందరి పుస్తకాలకూ ఒక పోలిక ఉంది. దేశం కోసమో సంఘం కోసమో ఏదో చేసినవాడే తన కథ చెప్పుకోవచ్చు, చేసిన పనే కథకు అర్హత. నాన్నగారి మనసులో ఉన్నది ఈ నమూనాయే. హెడ్మాస్టరుగా ఆయన చదివినవీ, పిల్లలకు చెప్పినవీ ఇవే. అందుకే 'నేనేం చేశానని' అన్న సందేహం.

ఆ నమూనాను లోపలి నుంచి మార్చింది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. పుస్తకం పేరు చూడండి: 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. ఆ 'నూ'తోనే మనిషి అరుగుమీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. సంస్కృతం చదువుకునే ఇంట పుట్టిన కుర్రాడు తెలుగు రచనవైపు ఎలా తిరిగాడన్నదే ప్రధాన విషయం. గురువుల ఇళ్ళు, వారాల భోజనాలు, వీధులు, మాటల తీరు, ఇవే ఆ పుస్తకానికి ప్రాణం. ఇక్కడినుంచి "ఏం సాధించాను" అన్న ప్రశ్న వెనక్కి వెళ్ళి, "ఎలా బతికాం" అన్నది ముందుకొచ్చింది. నా దృష్టిలో తెలుగు ఆత్మకథలో అసలు మలుపు ఇదే.

ఆ మలుపు తర్వాత చెప్పే హక్కు ఎవరెవరికో వచ్చింది. జాషువా 'నా కథ'ను పద్యాల్లో చెప్పారు. ఏడిదము సత్యవతి 'ఆత్మచరితము' 1934లోనే వచ్చినా ఆడవాళ్ళ గొంతు మందిగా వినపడడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పగా రికార్డు చేసి, వాళ్ళ మాటల్లోనే పుస్తకం చేశారు. చదువుకున్నవాళ్ళు, చదువులేనివాళ్ళు, దళాలకు అన్నం మోసినవాళ్ళు, అందరూ అందులో మాట్లాడతారు. మీ పనికి ఇంతకన్నా దగ్గరి నమూనా లేదు, ఆ నేల కూడా మీదే. అదే పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. అదీ ఆమె చెప్పగా వేరేవాళ్ళు రాసిందే. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' 2012లో వచ్చేనాటికి ఆమె తొంభై దాటారు. బాల్య వైధవ్యం, అజ్ఞాతవాసం, పిల్లల్ని పోగొట్టుకోవడం, అన్నీ గొంతు పెంచకుండా చెప్పారు. "ఈ వయసులో ఏం రాస్తా" అని నాన్నగారంటే ఆ పుస్తకం చేతికివ్వండి.

ఇంకో దారి వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య'. ముందు 2011లో ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో వచ్చింది. రైల్వేలో పనిచేసిన తండ్రి దళిత కుటుంబంలో పిల్లల్ని చదువులోకి ఎలా తెచ్చాడో కొడుకు రాసిన కథ. నాన్నగారు ఎంతకీ 'నేను' అనడానికి ఇష్టపడకపోతే మీరు 'మా నాన్న' అని మొదలుపెట్టవచ్చు. దానికి ఇదే ధైర్యం. పేర్లు పెట్టడం వల్ల గొడవలొస్తాయనుకుంటే నవలగా మార్చే దారీ ఉంది. పి.వి. నరసింహారావు తన రాజకీయ అనుభవాన్ని 'లోపలి మనిషి' నవల చేశారు. ఒక ఊరి హెడ్మాస్టరు జీవితానికి మాత్రం ఆ ముసుగు అక్కర్లేదు.

ఇక పని.

అన్నిటికన్నా ముందు ఆ 40 పేజీలు స్కాన్ చేయండి. ఆయన కొట్టేసిన వాక్యాలు కూడా కనపడాలి. అసలు నోటుబుక్కు మీద ఎవరూ పెన్ను పెట్టవద్దు.

తర్వాత ఒక పెద్ద చార్టు కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: ఏడాది, ఊరు, ఇంట్లో జరిగింది. తేదీల దగ్గరే ఎక్కువ పుస్తకాలు తప్పులో కాలేస్తాయి. ఆ తరంవాళ్ళకు బడి రిజిస్టరులో పుట్టిన తేదీ చాలాసార్లు జూలై 1 అని ఉంటుంది. అది బడిలో వేసిన రోజుల లెక్కే గాని పుట్టినరోజు కాదు. నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ ఏడాది మొదలైన క్రీస్తు శకం వస్తుంది, అందులో జనవరి నుంచి వచ్చే నెలలకైతే 591 కలపాలి. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. విజయ అంటే 1953–54 కావచ్చు, 2013–14 కావచ్చు. ఆయనకు ఏడాది గుర్తు లేకపోతే ఊరంతటికీ గుర్తున్న దానికి ముడిపెట్టండి: పోలీసు చర్యకు (1948లో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగడం) ముందా తర్వాతా, నయా పైసలు వచ్చాకా ముందా, 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్ళయిందా. అణాల స్థానంలో నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆయనకు అప్పుడు పదిహేను పదహారేళ్ళు కాబట్టి ఆ మార్పు బాగా గుర్తుంటుంది.

డబ్బు లెక్కల్లో ఇంకో చిక్కు. తాతగారి అప్పు కాగితం ఏదైనా ఉంటే అందులో రూపాయలు హాలీ సిక్కానా (నిజాం రాజ్యపు రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) చూడండి. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. 700 హాలీ అప్పు 600 కల్దారే అవుతుంది. ఇది పట్టించుకోకుండా రాస్తే ఆ కాలం తెలిసినవాళ్ళు ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తారు.

రికార్డింగుకు ఫోను చాలు. ఒక్కో విడత 45 నిమిషాలు మించకూడదు, వారానికి రెండు విడతలు. 12 వారాల్లో 24 విడతలు, అంటే 18 గంటలు. ఫోనును మడతపెట్టిన తువాలు మీద, ఆయనకు మూరెడు దూరంలో పెట్టండి. బల్లమీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా ఉరుములా పడుతుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. సీలింగ్ ఫ్యాను ఆపడం ఎండాకాలం కష్టమే, కాబట్టి పొద్దున్నే ఆరున్నర, ఏడు గంటల వేళ పెట్టుకోండి. ఆ వయసులో మాటకు ఓపిక ఉండేదీ అప్పుడే. ప్రతి ఫైలుకూ తేదీ, విషయం పేరుగా పెట్టి అదే రోజు రెండు వేరు వేరు చోట్ల దాచండి.

ప్రశ్న వేసే తీరు మీద సగం ఆధారపడి ఉంటుంది. "మీ బాల్యం గురించి చెప్పండి" అంటే హెడ్మాస్టరు గారు ఉపన్యాసం ఇస్తారు. "బడికి పోయే దారిలో మొదట ఎవరి ఇల్లు వచ్చేది?" అని అడగండి, దారి మొత్తం వస్తుంది. "మొదటి జీతం ఎవరి చేతిలో పెట్టారు?", "బావి దగ్గర ఎవరు ముందు నీళ్ళు తోడుకునేవాళ్ళు, ఎవరు ఆగేవాళ్ళు?" లాంటివి వేయండి. ఈ రెండో దాంట్లో ఊరి కులాల లెక్క అంతా బయటపడుతుంది, ఆయన ఏ సిద్ధాంతమూ చెప్పనక్కర్లేదు. జవాబు అయిపోయిందనుకున్నాక మనసులో పది దాకా లెక్కపెట్టి అప్పుడు తర్వాతి ప్రశ్నకు వెళ్ళండి. మంచి మాటలు ఆ పదిలోపే వస్తాయి.

ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. రాతప్రతి అంచున ప్రతి ఘటనకూ మూడింటిలో ఒక మాట రాసుకోండి: చూసింది, విన్నది, చదివింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య నాటికి ఆయనకు ఏడేళ్ళు. రజాకార్ల గురించి ఆయన చెప్పేదాంట్లో కళ్ళారా చూసింది కొంత, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది కొంత, తర్వాత పుస్తకాల్లో చదివింది కొంత ఉంటుంది. మూడూ కలగలిసి ఆయనకే అన్నీ చూసినట్టు అనిపించవచ్చు. అది అబద్ధం కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అంత. పుస్తకంలో మాత్రం విడదీయాలి. "ఇది మా అమ్మ చెప్పింది" అన్న ఒక్క ముక్కతో ఆ పేజీ నమ్మకం నిలబడుతుంది.

టైపింగుకు గంట రికార్డింగుకు అయిదు గంటలు పడుతుందనుకోండి. మొత్తం 90 గంటలు, రోజుకో గంట చొప్పున మూడు నెలలు. ఫోనులో మాట్లాడితే టైపయ్యే సదుపాయం వాడుకోవచ్చు గాని అది మాండలికం దగ్గర తడబడి మాటను పుస్తక భాషలోకి దిద్దేస్తుంది. విని సరిచూసుకోక తప్పదు. 18 గంటల మాట దాదాపు 75,000 పదాలు వస్తుంది. అందులో నిలిచేది 30,000 అనుకోండి.

మిగతాది తీసేయడం కంటే ఉన్నదాన్ని చెడగొట్టకపోవడం కష్టం. ఊహించిన ఒక ఉదాహరణ చెప్తాను. ఆయన ఇలా చెప్పారనుకోండి:

"మా నాయిన బర్రెనమ్మి నాకు పుస్తకాలు గొనిచ్చిండు. దాన్ని తోలుకపొయిన్నాడు మా అమ్మ కుడితి గోలెం కాడ గూసుండి పొద్దుగూకెదాక లేవలే."

దాన్ని ఎవరో 'మంచి భాష'లోకి దిద్దితే ఇలా అవుతుంది: "మా తండ్రిగారు తీవ్ర ఆర్థిక ఇబ్బందులను సైతం లెక్కచేయక గేదెను విక్రయించి నా విద్యాభ్యాసానికి తోడ్పడ్డారు. మా తల్లిగారు ఎంతగానో బాధపడ్డారు."

గోలెం పోయింది, పొద్దు పోయింది, అమ్మ పోయింది. మిగిలింది సన్మానపత్రం. రిటైరైన పంతుళ్ళ జ్ఞాపకాలు అచ్చయ్యాక చప్పగా ఉండడానికి కారణం నూటికి తొంభైపాళ్ళు ఇదే. నాన్నగారే ఆ దిద్దుబాటు చేస్తారు, జీవితమంతా పిల్లల వాక్యాలు దిద్దిన చెయ్యి కదా. అందుకే చెప్పించమన్నాను. పెన్ను పట్టుకుంటే హెడ్మాస్టరు రాస్తారు, నోరు విప్పితే ఆ ఊరి మనిషి మాట్లాడతాడు. కాళోజీ 'ఇదీ నా గొడవ' ఆయనకు చదివి వినిపించండి. మన మాటతోనే పుస్తకం నిలబడుతుందని వెంటనే తెలుస్తుంది.

మాండలికం ఉంచేటప్పుడు స్పెల్లింగుల జాబితా ఒకటి పెట్టుకోవాలి. ఒక పేజీలో 'కూసున్నడు', ఇంకో పేజీలో 'కూచున్నడు' ఉంటే అచ్చుతప్పు అనుకుంటారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని చివరిదాకా అదే నడపండి.

అధ్యాయాలు ఏళ్ళవారీగా వద్దు. బడి, బావి, కచ్చడం బండి, మొదటి పోస్టింగు, పెళ్ళి, ఒక్కో విషయానికి 1,500 నుంచి 2,000 పదాలు. ఒకదాంట్లోంచి ఇంకోదానికి దూకినా ఫరవాలేదు. ముళ్ళపూడి వెంకటరమణ 'కోతి కొమ్మచ్చి' స్వాతి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పేరుకు తగ్గట్టే కొమ్మ నుంచి కొమ్మకు దూకింది. చదివేవాడు దారి తప్పకుండా ప్రతి దూకుడు ముందూ ఒక మాట పట్టు దొరకాలి, అంతే.

వంశవృక్షంతో మొదలుపెట్టకండి. అది చివర ఒక పేజీలో పటంగా వేయండి. బదిలీల వివరాలు ఒక పట్టిక చాలు. సన్మానాల ఫోటోలు రెండు మించితే ఆల్బం అయిపోతుంది. ముందుమాట ఒక్కటే, రెండు పేజీలు. ఆరుగురు ప్రముఖుల ముందుమాటలు దాటి అసలు మనిషి దగ్గరకు చేరే ఓపిక చదువరికి ఉండదు.

ఊళ్ళో గొడవలు, ఆస్తి తగాదాలు వస్తే ఆగి ఆలోచించండి. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఉంది. చనిపోయినవాళ్ళ గురించి రాసినా, వాళ్ళ కుటుంబం మనసు నొప్పించాలనే ఉద్దేశం ఉందని తేలితే అది వర్తిస్తుంది. పేరు మార్చినా ఇంటిపేరు, వీధి, వృత్తి అలాగే ఉంచితే ఊరంతా గుర్తుపడుతుంది. కాబట్టి రెండు మూడు గుర్తులు కలిపి మార్చాలి. పాత ఉత్తరాలు పూర్తిగా వేయాలంటే అవి రాసినవాళ్ళ వారసుల అనుమతి కావాలి. ఉత్తరం మీ ఇంట్లో ఉన్నా దాని కాపీరైటు రాసినవాళ్ళదే.

అచ్చు సంగతి త్వరగా చెప్తాను. డెమీ సైజు పేజీలో 240 పదాల దాకా పడతాయి. 30,000 పదాలకు 125 పేజీలు, ఫోటోలు, ముందు పేజీలు కలిపి 144. ప్రెస్సువాళ్ళు 16 పేజీల ఫారం లెక్కన కడతారు కాబట్టి సరిగ్గా 9 ఫారాలు. 300 కాపీల లోపైతే డిజిటల్ ప్రింటింగే నయం. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే డీటీపీ చేసేవాళ్ళు చాలాచోట్ల అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు, పొల్లులు ఎగిరిపోతాయి. మార్చాక మళ్ళీ మొదటి నుంచి ప్రూఫు చూడాలి, మాండలికం పుస్తకానికైతే కనీసం మూడుసార్లు. వీలైతే యూనికోడ్‌లోనే పేజీలు కట్టేవాళ్ళను వెతకండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ద్వారా ఉచితంగానే వస్తుంది. అచ్చయిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మిగతా గ్రంథాలయాలకూ కాపీలు పంపాలి. లోపలి పేజీలో "చెప్పినవారు", "రాసినవారు" అని రెండు పేర్లూ వేయండి.

మొత్తం మీద ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. ఈ ఆదివారం పొద్దున మొదటి విడత పెట్టండి. స్కాన్ చేసిన 40 పేజీల్లో ఆయన అడ్డంగా కొట్టేసిన వాక్యం ఒకటి ఎంచుకుని, దాన్ని చదివి వినిపించి, ఇక్కడ ఎవరెవరు ఉన్నారని అడగండి.